సత్వాలో మా బి.ఎడ్.

బడిపంతులు కావాలంటే బి.ఎడ్. ఉండాలి. కాలేజీ లెక్చరర్ కావాలంటే అక్కర్లేదు. మన దేశంలో ఈ విచిత్రాన్ని చాలామంది గమనించరు. ఆరో తరగతి పిల్లలకు భిన్నాలు చెప్పే మనిషికి, పాఠం ఎలా చెప్పాలో పనిగట్టుకుని నేర్పిస్తారు. ఇంజనీరింగు కుర్రాళ్ళకు మెకానిక్స్ చెప్పే మనిషికి మాత్రం చేతిలో సుద్దముక్క పెట్టి, క్లాసులోకి తోసి, తలుపు వేసేస్తారు. కోస్తాలో ఒక ఇంజనీరింగు కాలేజీలో 1993లో నన్నూ అలాగే తోశారు. తొమ్మిదేళ్ళు బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పాను. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు కాబట్టి బాగానే చెబుతున్నాననుకున్నాను.

పాఠం చెప్పడం నేను నేర్చుకున్నది ముప్ఫై అయిదు దాటాక, దుబాయిలో. అదీ నాకు జీతమిచ్చిన యూనివర్సిటీలో కాదు. సత్వాలో ఒక మలయాళీ కాఫెటీరియా బయట, ప్లాస్టిక్ కుర్చీల మీద కూర్చుని, అరదిర్హాము చాయ్ తాగుతూ. నాలాగే ఇంకో అయిదారుగురు కూడా అక్కడే నేర్చుకున్నారు. ఆ సంగతి ఏ యూనివర్సిటీ వార్షిక నివేదికలోనూ ఉండదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

సత్వా తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. షేక్ జాయెద్ రోడ్డు మీద బారులు తీరిన టవర్లను మీరు ఫోటోల్లో చూసే ఉంటారు. ఆ టవర్ల వెనక, సముద్రం వైపున్న జుమేరా విల్లాలకు ఇవతల, ఆ రెండు సంపదల మధ్య నలిగినట్టుండే పేట సత్వా. ఒంటి అంతస్తు ఇళ్ళు, మధ్యలో వాకిలి, చుట్టూ ప్రహరీ, గోడ మీంచి వీధిలోకి వాలిన వేపచెట్టు. స్థానికులు చాలామంది ఇంకా పెద్ద ఇళ్ళు కట్టుకుని వెళ్ళిపోయాక ఆ ఇళ్ళు గదులుగా, గదులు బెడ్‌స్పేసులుగా విడిపోయి మాలాంటివాళ్ళకు అద్దెకొచ్చాయి. ఒక వీధిలో వరసగా దర్జీ దుకాణాలు, ఇంకో వీధిలో కార్ల సీటు కవర్లు కుట్టేవాళ్ళు, మరో వీధంతా పూలకుండీలు, మొక్కలు. 1978 నుంచీ ఉన్న రవి అనే పాకిస్తానీ హోటలు పేరు చూసి మనవాళ్ళెవరో పెట్టారనుకుని మొదటిసారి లోపలికి వెళ్ళని తెలుగువాడు లేడు. ఫిలిప్పీన్స్ వాళ్ళు, మలయాళీలు, పఠాన్లు, ఇరానీలు, మనవాళ్ళు అందరూ ఒకే బస్టాండు చుట్టూ తిరిగేవాళ్ళం.

గల్ఫ్ అనగానే మనకు కరీంనగర్, నిజామాబాదుల నుంచి కట్టడం పనికొచ్చిన మగవాళ్ళు, కడప, గోదావరి జిల్లాల నుంచి ఇళ్ళల్లో పనికొచ్చిన ఆడవాళ్ళు గుర్తొస్తారు. గుర్తు రావాల్సిందే, ఎక్కువమంది వాళ్ళే. వాళ్ళ పక్కన సన్నటి పాయలాగా అధ్యాపకులూ వచ్చారు. ఈ దేశం 1971లో ఏర్పడింది. మొదటి విశ్వవిద్యాలయం 1976లో అల్ అయిన్‌లో వచ్చింది. 1993లో ఆస్ట్రేలియా నుంచి వొల్లొంగాంగ్ వాళ్ళు దుబాయిలో శాఖ తెరిచారు. 2000లో మన పిలానీ బిట్స్, మణిపాల్ రెండూ వచ్చాయి. 2003లో నాలెడ్జ్ విలేజ్ అని ఏకంగా ఒక పేట కట్టి, పరాయిదేశాల కాలేజీలకు గదులు అద్దెకిచ్చారు. విశ్వవిద్యాలయం అంటే వందేళ్ళ మర్రిచెట్టు అనుకునే మాకు, కుండీతో సహా దిగుమతైన ఈ మొక్కలు వింతగా కనిపించేవి. ఆ కుండీలలో ఒకదానిలో, పేరెందుకు లెండి, 2002 సెప్టెంబరులో నేను చేరాను.

అక్కడ ఒక్క క్లాసులో భారతీయులు, పాకిస్తానీలు, ఇరానీలు, సూడాన్ వాళ్ళు, పాలస్తీనా నుంచి వచ్చినవాళ్ళు ఉండేవారు. ఇక్కడే పుట్టి, సొంతదేశాన్ని వేసవి సెలవుల్లో మాత్రమే చూసినవాళ్ళు ఎక్కువ. నాకు అలవాటైన పద్ధతి ఒకటే: నోట్సు చెప్పడం, బోర్డు నింపడం, మళ్ళీ తుడవడం. మొదటి పరీక్షలో 43 మందిలో 29 మంది తప్పారు. పిల్లల పునాది బలహీనంగా ఉందని రిపోర్టు రాశాను. సెమిస్టరు చివర పిల్లలు మాకు మార్కులు వేస్తారని అప్పటిదాకా నాకు తెలియదు. అయిదుకి 2.4 వేశారు. కింద ఒకడు ఇంగ్లీషులో రాసిన వాక్యం అర్థం ఇది: ఈయన వీపు మాకు బాగా పరిచయం.

ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, వచ్చే సెమిస్టరు చూసి కాంట్రాక్టు సంగతి ఆలోచిస్తామని. వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. అప్పట్లో వీసా రద్దయితే 30 రోజుల్లో దేశం వదలాలి. ఊళ్ళో ఇంటి మీద అప్పు, అప్పుడే స్కూల్లో వేసిన పిల్ల. ఆ కాగితం మడిచి డిక్షనరీలో పెట్టాను. మా ఆవిడతో కూడా మూడువారాలు చెప్పలేదు.

సత్వాలో మా కాఫెటీరియా బృందానికి పెద్ద, గుంటూరు వైపు నుంచి వచ్చిన ఫిజిక్సు మాస్టారు. ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు చెప్పి, రిటైరై, నాకంటే ఒక ఏడాది ముందు ఇక్కడికొచ్చారు. ఆయన కాక ఈజిప్టు నుంచి వచ్చిన స్టాటిస్టిక్స్ డాక్టరుగారు, హైదరాబాదు పాతబస్తీ నుంచి వచ్చిన లెక్కలాయన, లక్నో నుంచి ఒక ఇంగ్లీషు ఆయన. వేరువేరు కాలేజీలు, వేరువేరు సబ్జెక్టులు, అద్దె ఇళ్ళు మాత్రం పక్కపక్కన. అప్పట్లో వారాంతపు సెలవు గురు, శుక్రవారాలు. కాబట్టి బుధవారం సాయంత్రం మా సమావేశం. 2006లో సెలవు శుక్ర, శనివారాలకు మారింది, మేం గురువారానికి జరిగాం.

ఆ బుధవారం నేను మాట్లాడకుండా కూర్చున్నాను. అందరూ వెళ్ళాక మాస్టారు, "ఏమోయ్, నీకు కాయితం వచ్చిందా?" అన్నారు. ఏ కాయితమండీ అన్నాను. ఆయన చొక్కా జేబులోంచి కళ్ళజోడు పెట్టె తీశారు. అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం. ఆయన మొదటి సెమిస్టరు మార్కులు. 1.9.

"ముప్ఫై ఏళ్ళు చెప్పానోయ్. నా దగ్గర చదువుకున్నవాళ్ళు ప్రిన్సిపాళ్ళయ్యారు. ఇక్కడికొస్తే ఇదీ" అన్నారు. నవ్వారు కూడాను. ఆ కాగితాన్ని పక్కనున్న ఈజిప్టు డాక్టరుగారికి అంతకుముందే చూపించారట. ఆయన తన కథ ఆయన చెప్పారట. నేను గదికి పరిగెత్తుకెళ్ళి డిక్షనరీ తెచ్చాను.

ఇక అక్కడి నుంచీ మా చదువు మొదలైంది. ఈజిప్టు డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న: క్లాసులో ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగుతావు? ఆగుతాననే చెప్పాను. తరవాతి క్లాసులో లోపల అంకెలు లెక్కపెట్టుకుని చూస్తే, రెండు అనేలోపే జవాబు నేనే చెప్పేస్తున్నాను. పదిదాకా లెక్కపెట్టు, నోరు ఆగకపోతే మంచినీళ్ళు తాగు, అన్నారాయన. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలోనే ఈ విషయాన్ని కొలిచిందని చాలాకాలానికి చదివాను. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయని ఆవిడ తేల్చింది. మా డాక్టరుగారికి ఆవిడ పేరు తెలియదు. కైరోలో ఒక పెద్దాయన పక్క గదిలో కూర్చుని నేర్చుకున్నారట.

నీళ్ళు తాగుతూ పదిదాకా లెక్కపెట్టాను. తొమ్మిది దగ్గర, ఎప్పుడూ నోరెత్తని సూడాన్ అమ్మాయి చివరి బెంచీలోంచి, "సర్, ఏటవాలు బల్ల మీద పెట్టె పెట్టారు. బల్ల పెట్టెను పైకి తోస్తుందన్నారు. మరి బాణం పక్కకి వాల్చి గీశారేం?" అంది. పదేళ్ళుగా ఆ బాణం గీస్తున్నాను. నిట్టనిలువుగా ఎందుకుండదని ఒక్కరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పుస్తకంలో ఉన్న జవాబు చెప్పాను. ఆమె తలూపింది. అర్థం కాలేదని ఆ తలూపులోనే తెలిసింది. అది తెలియడం నాకు అదే మొదలు.

బుధవారం ఆ ముక్క చెబితే మాస్టారు కాఫెటీరియా కుర్రాడి చేతిలోంచి స్టీలు ట్రే లాక్కున్నారు. దాన్ని వాల్చి పట్టుకుని, నూనె కాగితం పరిచి, "అరచెయ్యి ఆనించు. నీ చేతిని ఎటు నెడుతోంది?" అన్నారు. జారుడు ట్రే తన మీదున్న వస్తువును తన ముఖానికి ఎదురుగానే నెట్టగలదు, వేరే దారి దానికి లేదు. అరచేతికి తెలిసిపోతోంది. "ముందు చేత్తో తెలియనీ, తరవాత బాణం గియ్యి. నువ్వు బాణంతో మొదలెడుతున్నావు" అన్నారు. శనివారం ఆ ట్రేని అరువడిగి క్లాసుకు తీసుకెళ్ళాను. సూడాన్ అమ్మాయి ట్రే పట్టుకుని చాలాసేపు వాల్చి, ఎత్తి చూసుకుంది. ట్రే తిరిగిచ్చేదాకా ఆ మలయాళీ కుర్రాడు నన్ను అనుమానంగానే చూశాడు.

పాతబస్తీ ఆయనా, మాస్టారూ మాటల గురించి గంటలకొద్దీ వాదించుకునేవారు. మొదట్లో నాకు విసుగ్గా ఉండేది. పాతబస్తీ ఆయన తాతగారు ఉస్మానియాలో ఉర్దూలో గణితం చదివారు. 1918లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయానికి కాస్త ముందే, 1917లో, దారుల్ తర్జుమా అనే అనువాద కార్యాలయం తెరిచారు. ఉర్దూలో ఉన్నతవిద్య చెప్పాలంటే పుస్తకాలు కావాలి, పుస్తకాలకు మాటలు కావాలి. అందుకని శాస్త్రం తెలిసినవాళ్ళనీ, అరబ్బీ, పారసీ తెలిసిన పండితుల్నీ కమిటీలుగా కూర్చోబెట్టి ఒక్కొక్క పారిభాషిక పదం గురించి తర్కించుకోమన్నారు. చరిత్ర పుస్తకాల్లో ఇది అనువాద ఉద్యమంగా కనిపిస్తుంది. పాతబస్తీ ఆయన ఇంకోలా చూసేవారు. ఒక మాట కోసం నలుగురు లెక్చరర్లు కొట్టుకుంటున్నారంటే, ఆ సంగతి కుర్రాడి బుర్రలోకి ఏ దారిన వెళుతుందో నలుగురూ బయటికి చెప్పాల్సి వస్తోందన్నమాట అనేవారు. 1948 తరవాత అక్కడ ఇంగ్లీషు వచ్చింది, ఆ పుస్తకాలు అటకెక్కాయి.

మాస్టారి దగ్గర ఇలాంటిదే తెలుగు కథ ఉంది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి, కాలేజీ పాఠ్యపుస్తకాలు తెలుగులో రావడం మొదలైన రోజుల్లో ఆయన కొత్త లెక్చరరు. తను ఇంగ్లీషులో చదువుకున్నది తెలుగులో చెప్పాలి. త్వరణం, జడత్వం సరే, ద్రవ్యవేగం అన్నమాట దగ్గర స్టాఫ్ రూములో వారం రోజులు గొడవట. ద్రవ్యం, వేగం రెండూ కలిసి ఉన్నాయి కాబట్టి పిల్లవాడు గుణించాలని మాటలోనే తెలుస్తుందని ఒకరు, ద్రవ్యం అంటే డబ్బనుకుంటాడని ఇంకొకరు. "మొమెంటం అని నేను పదిసార్లు పలికాను గాని, దాంట్లో ఏముందో ఆ వారమే తెలిసిందోయ్" అనేవారు మాస్టారు. ఆ స్టాఫ్ రూములో మట్టికుండ, రెండు బెంచీలు, విరిగిన ఫ్యాను తప్ప ఏమీ లేవట.

అలాగని ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదనడం అన్యాయం. ఇంగ్లీషు టీచర్ల కోసం 1958లోనే హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు. తరవాత అదే సీఫెల్, 2007 నుంచి ఇఫ్లూ. 1986 జాతీయ విద్యావిధానం వచ్చాక, మరుసటి ఏటి నుంచి యూజీసీ అకడమిక్ స్టాఫ్ కాలేజీలు తెరిచింది. కొత్తవాళ్ళకు నాలుగువారాల ఓరియంటేషను, పాతవాళ్ళకు మూడువారాల రిఫ్రెషరు, ప్రమోషనుకి వాటి సర్టిఫికెట్టు. మాస్టారూ అలాంటి కోర్సుకి వెళ్ళొచ్చారు. పగటి ఉపన్యాసాల్లో ఆయనకి గుర్తున్నది భోజనం. రాత్రి హాస్టలు గదిలో ఒక బాటనీ లెక్చరరు, వేరుశనగ మొక్కను వేళ్ళతో సహా పీకి క్లాసుకి తీసుకెళ్ళి పిల్లల్నే ప్రశ్నలు రాయమన్న సంగతి మాత్రం ఇరవై ఏళ్ళ తరవాత మాకు అక్షరం పొల్లుపోకుండా చెప్పారు. ఆ రాత్రి ఆ గదిలోకి చేర్చింది ఆ కోర్సే కదా అని లక్నో ఆయన అడ్డుపడ్డారు. ఆ మాటా నిజమే.

మేం కూర్చునే చోటు పక్కన ఒక దర్జీ దుకాణం. యజమాని కరీంనగర్ జిల్లా మనిషి. మా తెలుగు విని ఆయన అప్పుడప్పుడూ బయటికొచ్చి నిలబడేవాడు. ఒకరోజు మేం ట్రెయినింగు గురించి మాట్లాడుకుంటుంటే, కొత్త కుర్రాడికి నువ్వెలా నేర్పుతావని అడిగాను. "నేను నేర్పియ్య సార్. పక్కన కూసుండబెడ్త. సూస్తడు, మేం మాట్లాడేది ఇంటడు. ముందుగాల గుండీలు, కాజాలు. కత్తెర ఆఖరుకు. కోసినంక మల్ల అతుకది గద" అన్నాడు.

నాలుగైదేళ్ళ తరవాత, చదువు ఎలా వస్తుందన్న పుస్తకాల్లో పడ్డాక, జీన్ లేవ్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త గురించి తెలిసింది. ఆవిడ 1970లలో లైబీరియా రాజధాని మన్రోవియాలో దర్జీల మధ్య కూర్చుని, శిష్యులు పని ఎలా నేర్చుకుంటున్నారో చూసింది. అక్కడా అంతే. బట్ట తయారయ్యే క్రమానికి తలకిందులుగా, గుండీలు, అంచులతో మొదలెట్టి, కోత చివర నేర్చుకుంటారు. చివరి మెరుగులు దిద్దుతూ ఉంటే బట్ట మొత్తం ఎలా కూడుకుందో కంటికి అలవాటవుతుంది. 1991లో ఎటియెన్ వెంగర్‌తో కలిసి ఆవిడ రాసిన పుస్తకం, పక్కన ఉండి, పనిలో పాలుపంచుకుంటూ నేర్చుకోవడం గురించి ప్రపంచమంతా మాట్లాడుకునేలా చేసింది. ఆ పుస్తకం చదువుతుంటే నాకు మా కరీంనగర్ ఆయన గొంతే వినిపించింది. పేచీ ఒక్కటే. దర్జీ కుర్రాడు గురువు కుట్టడం చూస్తాడు. నేను మాస్టారి పాఠం ఒక్కటీ చూడలేదు. మా తలుపులు మూసే ఉంటాయి. పరిశోధనకు పదిమంది ఉంటారు గాని పాఠం దగ్గర మనిషి ఒంటరి అని స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు లీ షుల్మన్ 1993లో ఒక వ్యాసంలో వాపోయాడు. తలుపు మూసి ఉన్న పనిలో మాటే మాకు కిటికీ.

2009లో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం నుంచి టోర్గ్నీ రోక్సో, కాతరీనా మార్టెన్సన్ ఒక పరిశోధన ప్రచురించారు. 106 మంది అధ్యాపకుల్ని, పాఠం చెప్పడం గురించి మీరు మనసువిప్పి ఎవరితో మాట్లాడతారని అడిగారు. ఎక్కువమంది చెప్పింది వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంతమందినే. ఆ మాటలు చాటున జరుగుతాయి, నమ్మకం ఉన్నచోటే జరుగుతాయి, ఆ మనుషులు మన డిపార్టుమెంటువాళ్ళే కానక్కర్లేదు. ఇది చదివి నాకు ఆశ్చర్యం కలగలేదు, ఈర్ష్య కలిగింది. వాళ్ళకి ఉద్యోగం పోతే దేశం వదలాల్సిన పని లేదు. అయినా చాటునే మాట్లాడుకుంటున్నారు. ఇక మా సంగతి చెప్పాలా?

చాటు మాటలన్నీ మంచివేనని అనుకోకండి. అదే బల్ల దగ్గర మేం తప్పుడు పాఠాలూ నేర్చుకున్నాం. ఫలానా దేశం పిల్లలింతే, వాళ్ళకి లెక్కలు రావు, డబ్బున్నవాళ్ళ పిల్లలు పుస్తకం ముట్టరు. ఇలాంటి మాటలకి చాయ్ మరీ రుచిగా ఉండేది. ఒకరు మొదలెడితే అందరం తలో ఉదాహరణా వేసేవాళ్ళం. సూడాన్ అమ్మాయి ఆ బాణం గురించి అడక్కపోయి ఉంటే, నేనూ ఆమెని ఆ జాబితాలోనే వేసి ఉండేవాణ్ణి.

ఇంకొకటి. ఆ బల్ల దగ్గర ఆడవాళ్ళు లేరు. మా వీధిలోనే ఉండే ఫిలిప్పీన్స్ మేడం ఒకావిడ కంప్యూటర్లు చెప్పేది. వచ్చి పార్సిలు తీసుకుని, నిలబడే రెండు మాటలు మాట్లాడి వెళ్ళేది. ఫుట్‌పాత్ మీద ఆరుగురు మగవాళ్ళ మధ్య కుర్చీ లాక్కుని కూర్చోమని మాకెవరికీ తోచలేదు. అలా నిలబడి చెప్పిన రెండు మాటల్లోనే నాకు ఇన్నేళ్ళుగా పనికొస్తున్న ఉపాయం ఒకటుంది: క్లాసు చివరి రెండు నిమిషాల్లో పేరు లేకుండా చీటీ రాయించు, ఇవాళ ఏది అర్థం కాలేదో. థామస్ ఏంజెలో, పట్రీషియా క్రాస్ 1993 నాటి పుస్తకంలో దీన్ని మడ్డియెస్ట్ పాయింట్ అన్నారు. ఆవిడకి కాలేజీ బస్సులో ఇంకో టీచరమ్మ చెప్పిందట. ఆ బస్సులో ఇంకేం మాట్లాడుకునేవారో మేం వినలేదు. ఈ చరిత్రలో సగం అలా లేకుండా పోయింది.

2004కల్లా నా మార్కు 3.8కి వచ్చింది. కాంట్రాక్టు పొడిగించారు.

2008లో సత్వా గోడల మీద రంగుతో అంకెలు పడ్డాయి. పేటలో పెద్ద భాగం పడగొట్టి జుమేరా గార్డెన్స్ అని కొత్త నగరం కడతామని ఆ అక్టోబరులో ప్రకటించారు. అంకె పడిన ఇల్లు ఖాళీ చెయ్యాలి. మాస్టారి ఇంటి గోడ మీదా పడింది. ఆయన వేపచెట్టు కింద నిలబడి ఆ అంకెను చూసి, "మనక్కూడా మార్కులేశారోయ్" అన్నారు. ఆ ఏడాది చివర్లోనే ప్రపంచమంతా ఆర్థికమాంద్యం తగిలి ఆ నగరం కాగితాల మీదే ఆగిపోయింది. కొన్ని ఇళ్ళు పడ్డాయి, కొన్ని మిగిలాయి. మనుషులు మాత్రం అప్పటికే కదిలిపోయారు. మా కాలేజీ కూడా ఎడారి వైపున కొత్తగా వచ్చిన అకడమిక్ సిటీకి మారింది. ఒకరు షార్జా, ఒకరు ఇంటర్నేషనల్ సిటీ, ఈజిప్టు డాక్టరుగారు కైరో. మాస్టారు 2010లో గుంటూరు వెళ్ళిపోయారు. మలయాళీ కాఫెటీరియా ఉంది, చాయ్ దిర్హాము అయింది. గురువారాలు ఎవరూ రావడం లేదు.

ఆ ఏడాదే వరంగల్ వైపు నుంచి ఒక కుర్రాడు మా డిపార్టుమెంటులో చేరాడు. తెలివైనవాడు, ఎం.టెక్.లో మంచి ర్యాంకు. క్లాసులో బోర్డు వైపు తిరిగి చెప్పేవాడు. మొదటి సెమిస్టరు 2.6 వచ్చింది. నాకెలా తెలుసంటే, ఆ కాగితాలు చూసే కమిటీలో అప్పటికి నేనూ ఉన్నాను. ఆ అబ్బాయి నా గదికొచ్చాడు. "సర్, ఎక్కడ తప్పు చేస్తున్ననో తెలుస్తలేదు" అన్నాడు. నా డిక్షనరీ బల్ల మీదే ఉంది. కాగితం అందులోనే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది.

తీయలేదు. కమిటీలో ఉన్నవాణ్ణి, నా పాత మార్కులు చూపిస్తే బాగుండదేమోననిపించింది. ప్రశ్న వేశాక ఆగాలనీ, చీటీలు రాయించాలనీ, ట్రే సంగతీ అన్నీ చెప్పాను, వరసగా, పాయింట్లవారీగా. అతను నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. నేను చెబుతున్నంతసేపూ తలూపాడు. ఆ తలూపు నాకు తెలుసు.

వచ్చే ఏడాది అతని కాంట్రాక్టు పొడిగించలేదు. ఆ కాగితం మీద మిగతావాళ్ళతో పాటు నా సంతకమూ ఉంది. వెళ్ళేముందు వచ్చి, "మీరు చాలా చెప్పిన్రు సర్, నాకే రాలే" అని నమస్కారం పెట్టి వెళ్ళాడు. హనుమకొండలో ఏదో కాలేజీలో చేరాడని విన్నాను.

మాస్టారు పోయి ఆరేళ్ళయింది. వాళ్ళబ్బాయి ఫోన్ చేసినప్పుడు కళ్ళజోడు పెట్టె గురించి అడగాలనిపించింది, అడగలేకపోయాను.

2022 నుంచి ఇక్కడ వారాంతం శని, ఆదివారాలు. అందుకని పోయిన చలికాలం ఒక శుక్రవారం సాయంత్రం, కొత్తగా చేరిన ఇద్దరు లెక్చరర్లను సత్వా రమ్మన్నాను. బస్టాండు దగ్గర దిగి ఎటు రావాలో ఫోనులో గుర్తులు చెప్పాను. కరీంనగర్ ఆయన దుకాణంలో ఇప్పుడు వాళ్ళ మేనల్లుడు కూర్చుంటున్నాడు. కాఫెటీరియా వాళ్ళని అడిగి మూడు కుర్చీలు బయట వేయించాను. డిక్షనరీ బరువని తీసుకెళ్ళలేదు. కాగితం ఒక్కటీ జేబులో పెట్టుకున్నాను. మడతల దగ్గర చిరిగిపోతే టేపు అంటించాను.

ఇద్దరిలో ఒక్క అమ్మాయే వచ్చింది. రెండు చాయ్ చెప్పాను.